ఆ గీతను నేల మీద గీసి చూపండి

సంపాదకులకు నమస్కారం.

మా వీధి మూలనున్న కరెంటు స్తంభానికి పోయిన నెల ఒక కాగితం అంటించారు. వీధిని వెడల్పు చేస్తారట, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో చెప్పాలట. నేను చూసేసరికే 12 రోజులు గడిచాయి. కాగితం కింది సగం వానకు తడిసిపోయింది. అభ్యంతరం ఎవరికి ఇవ్వాలో రాసింది సరిగ్గా ఆ సగంలోనే.

నేను ముప్పై ఏళ్లు ప్లాన్లు గీసి రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్‌ని. మ్యాపు చదవడం నాకు కొత్త కాదు. అయినా ఆ కాగితం మీదున్న మ్యాపుకు భూతద్దం పట్టాల్సి వచ్చింది. అసలు స్కేలు 1:5000, అంటే కాగితం మీద ఒక సెంటీమీటరు నేల మీద 50 మీటర్లు. 9 మీటర్ల మా వీధి అందులో రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాన్ని మళ్లీ జిరాక్సులో సగానికి కుదించారు. ఇప్పుడు రోడ్డు అంచును చూపే పావు మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద రెండున్నర మీటర్లు తినేస్తుంది. ఒక ఇంటి మెట్లు, అరుగు అన్నీ ఆ గీత కిందే మాయమైపోతాయి.

"అన్నయ్యగారూ, మా మెట్లు ఉంటాయా, పోతాయా?" అని పక్కింటావిడ అడిగారు. చెప్పలేకపోయాను. ఇందులో నా పాపమూ ఉంది. ఇలాంటి మ్యాపులు నేనూ ఎన్నో గీశాను. ఇంజినీరుకు అర్థమైతే చాలనుకునేవాళ్లం. మెట్లున్న మనిషి కూడా చూస్తుందన్న ఆలోచనే వచ్చేది కాదు.

సరిగ్గా అదే వారం ఫోన్లకు ఇంకో విభాగం నుంచి మెసేజ్ వచ్చింది: రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్తగా ఉండండని. ఉంటాం. కానీ 9 మీటర్ల వీధిని 18 మీటర్లు చేస్తే దాటడానికి పట్టే సమయం కూడా రెట్టింపవుతుంది కదా! సెకనుకు 1.2 మీటర్ల నడకకు ఇప్పుడు ఏడున్నర సెకన్లు, రేపు 15. నాలాంటి మోకాళ్లవాళ్లకు ఇంకా ఎక్కువే. వీధి చివర బడి ఉంది. రోడ్డు విశాలమయ్యేకొద్దీ బండి వేగమూ పెరుగుతుంది. 30 కిలోమీటర్ల వేగం 50 అయితే గుద్దుకున్నప్పటి శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ రోడ్డు భద్రతా సదస్సు తన ప్రకటనలోనే చెప్పింది. మా స్తంభం మీది కాగితంలో మాత్రం వేగం గురించి గానీ, పిల్లలు దాటే చోటు గురించి గానీ ఒక్క ముక్క లేదు. వెడల్పు చేసేవాళ్లు ఒకరు, జాగ్రత్తలు చెప్పేవాళ్లు ఇంకొకరు. ఇద్దరూ ఒకే వీధి గురించి మాట్లాడుతున్నామని ఒకరికొకరు చెప్పుకున్నట్టు లేదు.

(నీళ్ల సంగతి ఎత్తకపోవడమే మేలు. ఉదయం ఆరుకు కట్టేసిన నీళ్ల గురించి పదకొండుకు కబురు పంపారు.)

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఇల్లు కట్టేముందు పునాదికి ముగ్గు పోస్తాం కదా, అలాగే కొత్త రోడ్డు అంచు ఎక్కడిదాకా వస్తుందో వీధిలోనే సున్నంతో గీయండి. ఇద్దరు మనుషులు, ఒక టేపు, ఒక పూట. స్విట్జర్లాండ్‌లో కొత్త భవనానికి అనుమతి ఇవ్వకముందే దాని ఎత్తు, ఆకారం తెలిసేలా స్థలంలో గడలు పాతి చూపిస్తారు. ఇరుగుపొరుగువాళ్లు వాటిని చూసి, అభ్యంతరముంటే గడువులోగా చెబుతారు. మ్యాపు చదవడం రానివాళ్లకు కూడా గడ కనిపిస్తుంది.

15 రోజుల లెక్క ఆ సున్నం గీసిన రోజు నుంచి మొదలవ్వాలి. కాగితం మీద ఇంకా ఏది మార్చే వీలుందో, ఏది ఇప్పటికే ఖాయమైపోయిందో విడివిడిగా రాయండి. అన్నీ ఖాయమైపోయి ఉంటే అదే చెప్పండి. కోపం వస్తుంది గానీ మోసపోయామని మాత్రం అనిపించదు.

పద్నాలుగో రోజున నా అభ్యంతరం రాసిచ్చాను. రసీదు ఇచ్చారు, దాని మీద నంబరూ ఉంది. జవాబు ఇంకా రాలేదు. పక్కింటావిడ మెట్ల సంగతి మళ్లీ అడిగారు. ముగ్గు పోసిన రోజున చెబుతానన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్