రాగిజావ గ్లాసులో కాల్షియం ఎంత? పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కనిగిరి ప్రాంతంలో చాలా ఏళ్లుగా పిల్లల వైద్యం చేస్తున్నాను. బడి భోజనంలో పిల్లలకు అందుతున్న కాల్షియం గురించి మీ దృష్టికి తేవలసిన సంగతులు కొన్ని ఉండి ఈ లేఖ రాస్తున్నాను.

మొన్నీమధ్య ఆరో తరగతి అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చిన ఒక తల్లి, సంచిలోంచి సగం ఖాళీ అయిన కాల్షియం సిరప్ సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. సాయంత్రమయ్యేసరికి పిల్ల పిక్కలు లాగుతున్నాయంటోందని మందుల షాపులో అడిగి కొన్నదట. (ఆ వయసులో వచ్చే పిక్కల నొప్పికి చాలామందిలో కాల్షియం లోపం కారణమే కాదు, అది వేరే సంగతి.) ఇంట్లో పాడి లేదా అని అడిగాను. రెండు గేదెలున్నాయని, పాలన్నీ తెల్లవారకముందే పాల కేంద్రానికి పోతాయని, పిల్లకు దక్కేది టీలో పడిన పాలేనని చెప్పింది. ఆ తల్లిని తప్పు పట్టలేను. పాల బిల్లు మీదే ఆ ఇంటి అప్పుల వాయిదాలు నడుస్తున్నాయి. పాలమ్మిన డబ్బులతో సిరప్ కొనవలసి రావడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల ప్రకారం రోజుకు ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు 650 మిల్లీగ్రాములు, పది నుంచి పన్నెండేళ్ల వారికి 850, పదమూడు నుంచి పదిహేనేళ్ల వారికి 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. అంతకు ముందు, 2010 సిఫార్సుల్లో, పదేళ్లు దాటిన పిల్లలకు 800 సరిపోతుందన్నారు. దాదాపు అందరి అవసరమూ తీరేలా కాస్త పైకి వేసిన లెక్క ఇది కనుక, దీనికి కొంచెం తగ్గిన ప్రతి బిడ్డా రోగి అని నేను అనను. అయితే రికెట్స్ (పిల్లల ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు) మీద వివిధ దేశాల నిపుణులు 2016లో కుదుర్చుకున్న ఏకాభిప్రాయం ప్రకారం, ఏడాది దాటిన పిల్లలకు రోజుకు 500 దాటితే చాలినట్టు, 300 కన్నా తగ్గితే లోపం కింద లెక్క. అంత తక్కువైతే విటమిన్ డి సరిపడా ఉన్న పిల్లలకు కూడా ఎముకలు మెత్తబడే ప్రమాదం ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లల తిండి వివరాలు అడిగి లెక్క కడితే, చాలామంది ఈ 300 దరిదాపుల్లోనే ఉంటున్నారు. మూడు పూటలా అన్నమే తినే ఇంట్లో అది వింతేమీ కాదు, ఎందుకంటే 100 గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు మించదు.

2023 మార్చిలో బడుల్లో వారానికి మూడు రోజుల రాగిజావ మొదలైనప్పుడు సంతోషించిన వాళ్లలో నేనొకణ్ణి. ధాన్యాలలో కాల్షియానికి రాగిని మించింది లేదు. 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక బడిలో వంటమ్మ అనుమతితో, అరవై మంది పిల్లల జావకు ఆమె తీసిన పిండిని తూచి చూశాను. ఆరువందల గ్రాములకు కొంచెం అటూ ఇటూ ఉంది. అంటే గ్లాసుకు పది గ్రాముల పిండి, 35 మిల్లీగ్రాముల కాల్షియం. ఆమె తనకు చెప్పిన కొలతే తీసింది, తప్పేమీ చేయలేదు. గుడ్డులో మనం తినే భాగానిది మరో పాతిక, ముప్ఫై (అసలు నిల్వంతా పారేసే పెంకులోనే ఉంది). వేరుశనగ చిక్కీతో వచ్చేది అంతకన్నా తక్కువ. ఆకుకూర లేని రోజున అన్నం, పప్పు, కూర అన్నీ కలిపినా నూటయాభై దాటడం కష్టం. బడి భోజనం కొలతలు మొదటి నుంచీ కెలోరీల్లో, ప్రొటీన్లలో నడుస్తున్నాయి. ప్రాథమిక తరగతులకు 450 కెలోరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. ఆ లెక్కలో కాల్షియం ఎవరి కంటా పడదు.

మరి బడిలోనే మాత్రలు పంచితే సరిపోదా అని అధికారులు మీకు సలహా ఇవ్వవచ్చు. వద్దని మనవి. పిల్లలకు ఇప్పటికే వారానికోసారి ఐరన్ మాత్ర ఇస్తున్నారు, రెండూ ఒకేసారి కడుపులో పడితే కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. పైగా సీసాల మీద, అట్టల మీద ఉండే అంకెలు చదువుకున్నవాళ్లనే తికమక పెడతాయి. కాల్షియం కార్బొనేట్ 1,250 మిల్లీగ్రాములు అని రాసిన మాత్రలో అసలు కాల్షియం 500 మాత్రమే. రికెట్స్ ఉన్నవారికి, దీర్ఘకాలం స్టెరాయిడ్లు లేదా కొన్ని రకాల మూర్ఛ మందులు వాడేవారికి, పాలు బొత్తిగా పడనివారికి ఈ మందులు అవసరమే, నేనూ రాస్తాను. మిగతా పిల్లలకు కాల్షియం కంచంలోంచే అందాలి.

మా ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి వైద్య లోకానికి తొలిసారి 1937లో తెలిసింది నెల్లూరు జిల్లా నుంచి. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోనివే. తిండిలో కాల్షియం ఉంటే అది పేగులోనే ఫ్లోరైడ్‌ను కొంత పట్టి ఉంచుతుంది, లేకపోతే అదే నీళ్లు ఎముకలకు మరింత చేటు చేస్తాయి. 1970వ దశకంలో జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పల్లెల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తాకే పిల్లలను చూసి నమోదు చేశారు. మంచి నీళ్ల పైపులు ప్రతి గడపకూ చేరేదాకా, చేరాక కూడా, ఈ పిల్లలకు కాల్షియం మిగతావారికన్నా ముఖ్యం.

కనుక నేను కోరేది కొత్త పథకం కాదు, ఉన్నదాని తూకం మార్చమని. జావలో రాగిపిండిని గ్లాసుకు కనీసం పాతిక గ్రాములు చేసి, వీలైన చోట మొలకెత్తించిన రాగుల పిండి వాడమనండి, కాల్షియం మరికాస్త బాగా ఒంటికి పడుతుంది. చిక్కీల టెండరులో సగం నువ్వులకు చోటివ్వండి. పొట్టు తీయని నువ్వుల్లో 100 గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములు పైనే ఉంటుంది. అందులో కొంత ఆక్సలేట్ అనే పదార్థంతో ముడిపడి ఒంటికి అందకపోయినా వేరుశనగకన్నా ఎంతో మెరుగు. పాలకూరకు బదులు మునగాకు పప్పు పెట్టించండి, పాలకూరలోని కాల్షియం చాలావరకు ఆ ఆక్సలేట్‌కే పోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రోజూ వంద గ్రాముల పెరుగు పెట్టించండి. దాంతోనే 120 మిల్లీగ్రాముల దాకా వస్తుంది. దయచేసి ఉత్తర్వులో మజ్జిగ గ్లాసులు అని రాయకుండా పెరుగు గ్రాములు అని రాయించండి, మజ్జిగలో నీళ్లు ఎన్నయినా పోయవచ్చు. ఐరన్ మాత్ర ఇచ్చే ఆ ఒక్క రోజు పెరుగు ఆపి నిమ్మకాయ పులిహోర పెడితే రెండూ తగవు పడకుండా సాగుతాయి.

కర్ణాటక ప్రభుత్వం 2013 ఆగస్టులో క్షీరభాగ్య పేరుతో బడిపిల్లలకు 18 గ్రాముల పాలపొడితో 150 మిల్లీలీటర్ల పాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో పాలకు కొదవ లేదు. నేను చెప్పిన తల్లి పాలు పోసే కేంద్రానికి, ఆమె కూతురు చదివే బడికి మధ్య దూరం అర కిలోమీటరు.

మీ అధికారులు ఏ బడిలోనైనా ఒక పూట భోజనాన్ని తూచి, జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన ఆహార పట్టికలతో సరిచూసి, కాల్షియం అంకెను కూడా రోజువారీ మెనూ పక్కనే గోడ మీద రాయించేలా ఉత్తర్వులివ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
కనిగిరి ప్రాంతపు పిల్లల వైద్యుడు