లో బీపీని లౌ బీపీ అంటామా?

సంపాదకులకు,

నమస్కారం. రెండు ఆదివారాల కిందట మీ పిల్లల పేజీలో చివర ఓ, డబ్ల్యు అక్షరాలు వచ్చే చిన్న ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు పట్టిక కట్టి వేశారు. దాని గురించే ఈ ఉత్తరం. చూసిన రోజే రాద్దామనుకున్నాను. ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్తారు, మీరే సవరణ వేస్తారు అని ఆగాను. ఇన్ని రోజులైనా ఒక్క ముక్క రాలేదు.

ఆ పట్టిక కింద "ఇవన్నీ ఔ అనే పలుకుతాయి, గట్టిగా చదవండి పిల్లలూ" అని రాశారు. కౌ, హౌ, నౌ వరకు సరే. ఆ వెంటనే లౌ, స్లౌ, స్నౌ, గ్రౌ, షౌ! బడి మెట్లెక్కని ముసలమ్మ కూడా డాక్టరు లో బీపీ అన్నాడని చెబుతుంది గానీ లౌ బీపీ అనదు. సెకండ్ షోకి పోతాం. ఫ్యాను స్లోగా తిరుగుతోందంటాం. ట్రాఫిక్ వాళ్లు బండి ఎత్తుకుపోతే టోయింగ్ అంటాం. ఊరంతా సరిగ్గా పలుకుతున్న మాటలను పేపర్లో తప్పుగా వేయడమేమిటి?

పలుకు ఒక్కటే అయితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. అర్థాలు కూడా తారుమారయ్యాయి. మా పక్కింటి పాప సర్కారు బడిలో నాలుగో తరగతి. సాయంత్రం పూట నా దగ్గర కూర్చుని చదువుకుంటుంది. మీ పట్టికను కత్తిరించి, అన్నం మెతుకులతో నోట్సులో అంటించుకుంది. కింద స్కేలు పెట్టి గీతలు కొట్టి ఒక్కో మాట ఐదుసార్లు రాసింది. వేలు పెట్టి చదివి వినిపించింది: "సౌ, విత్తనాలు వేయుట." వాళ్ల నాన్న పత్తి రైతు. విత్తనం వేయడాన్ని సో అనాలి. సౌ అని పలికితే ఆడపంది. రాతలో రెంటికీ తేడా లేదు, ఉన్నదంతా పలుకులోనే. ఇది తప్పమ్మా అంటే ఆ పిల్ల నా మొహం చూసి, "పేపర్లో ఇట్లనే ఉంది కదా తాతా" అంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

విల్లు సంగతీ అంతే. మీరు "బౌ, విల్లు" అని వేశారు. విల్లు బో. బౌ అంటే తల వంచి నమస్కరించడం. రెయిన్‌బో అనే మాట ఒకటో తరగతి పిల్లలకు కూడా తెలుసు కదా, దాని చివర ఉన్నది ఈ విల్లే. అలాగే వరుసకు, తెడ్డు వేయడానికి రో. రౌ అంటే గొడవ. మీ పట్టికలో వరుస పక్కన రౌ అని ఉంది.

ఇవి ఎందుకిలా ఉన్నాయో పిల్లలకు చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. పాత ఇంగ్లీషులో ఆవును కూ అనేవాళ్లు. హౌ అప్పుడు హూ, నౌ అప్పుడు నూ. సుమారు 1400 నుంచి 1700 లోపు ఆ దీర్ఘ ఊకారం మెల్లగా ఔ అయింది. లో, నో (తెలుసుకోవడం అనే అర్థంలో), గ్రో, క్రో లాంటివి వేరే పలుకుల నుంచి వచ్చి ఓ దగ్గర ఆగాయి. ఈ మార్పులు జరుగుతుండగానే 1476లో కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక రాత మెల్లగా ఒక చోట నిలిచిపోయింది, పలుకు మాత్రం నడుస్తూనే పోయింది. వేరు వేరు పుట్టుకల మాటలు ఒకే రాత కిందికి అలా చేరాయి. కాబట్టి చివరి అక్షరాలు చూసి పలుకు తేల్చడం కుదరదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. ఇంగ్లీషు రాతలో ఈ తేడా కనబడదు, ఒప్పుకుంటాను. మన లిపిలో కనబడుతుంది కదా! ఓ వేరు, ఔ వేరు. అచ్చుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. తెలుగు పత్రికకు ఇంతకంటే సులువైన పని ఉంటుందా? నిఘంటువు తీసి ఒక్కసారి చూసే మనిషి మీ ఆఫీసులో లేకపోయారా? మా చిన్నప్పుడు పేపరు చూసి స్పెల్లింగ్ నేర్చుకునేవాళ్లం. పంతులు గారికి అనుమానం వస్తే పేపరు తెప్పించి చూసేవారు. ఇప్పుడు ప్రూఫు చూసే మనుషులనే తీసేశారని వింటున్నాను. నిజమైతే చాలా తప్పు చేస్తున్నారు.

పైవాళ్ల సంగతి కూడా చెప్పాలి. మా దగ్గర ఒక ఆఫీసు వాళ్లు మీ పట్టికను ఫొటో తీసి టీచర్ల వాట్సప్ గ్రూపులో పెట్టి, రోజూ ప్రార్థనలో చదివించమన్నారు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు ఇచ్చారు. నేను దానికి వ్యతిరేకిని కాను. పేద పిల్లలకు ఇంగ్లీషు రావాలి. కానీ మా టీచర్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివినవాళ్లమే. పలుకు విషయంలో మాకు టెన్షన్ ఉంటుంది. అందుకే అచ్చులో కనబడిందాన్ని నమ్ముతాం. శిక్షణ అంటే నాలుగు రోజులు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, సంతకాలు తీసుకోవడం కాదు. ఒక్కో మాట పలికించి, తప్పు దిద్ది పంపాలి. గ్రూపులో పెట్టిన ఆ ఆఫీసరు దాన్ని ఒక్కసారి పైకి చదువుకున్నా లౌ దగ్గర ఆగేవారు.

ఏదో మూల నాలుగు లైన్ల సవరణ వేస్తే చాలదు. అదే పిల్లల పేజీలో, అంతే పెద్ద పట్టిక రెండు వరుసలుగా వేయండి. ఓ పలికేవి ఒక పక్క, ఔ పలికేవి ఒక పక్క. బో-బౌ, రో-రౌ, సో-సౌ జంటలను విడిగా, అర్థాలతో ఇవ్వండి. మా పాప ఆ నోట్సు పేజీని ఇంకా దిద్దుకోలేదు. పేపర్లో వచ్చాకే దిద్దుకుంటానని పెన్సిలు పక్కన పెట్టింది. వచ్చే ఆదివారం కోసం చూస్తోంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జనగామ జిల్లా