ఒంగోలు పెద్దాయనకు, ఫొటో పంపిన తమ్ముడికి, ఇంకా మా ఆవిడకు

నా ఉద్యోగం నిలబెట్టిన మీ ముగ్గురికీ దండం చెబుతూ నాలుగు నెలల నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. కాసేపు కూర్చుంటే నడుం పట్టేస్తుంది, పట్టనప్పుడు బద్ధకం.

చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ లైన్ మీద పదకొండేళ్లుగా చేస్తున్నాను. 2024 మేలో డిస్కు జారి నెల్లూరులో ఆపరేషన్ అయింది, రెండు నెలలు పని ముట్టుకోవద్దన్నారు. నేను మంచం మీద ఉండగానే పాత ఓనరు ఫ్యాక్టరీ అమ్మేశాడు. కొత్తవాళ్లు వస్తూనే పాలిషింగ్‌లో మనుషులు ఎక్కువున్నారని నలుగురి పేర్లు బోర్డుకు అంటించారు. మొదటి పేరు నాదే. ఎందుకయ్యా అంటే హాజరు తక్కువంట! కుట్లు వేసుకుని పడుకున్నవాడికి హాజరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ నోటీసు ఫొటో తీసి పంపింది మాతో పనిచేసే బీహార్ తమ్ముడు. తెలుగు చదవడం రాదు, ఎవరో నా పేరుందని చెబితే వెంటనే పంపాడు. వాడు పంపకపోతే నాకు తెలిసేదే కాదు.

మర్నాడే ఆఫీసు నుంచి మనిషి ఇంటికొచ్చాడు. రాజీనామా మీద సంతకం పెడితే రెండు నెలల జీతం ఇస్తాం, నడుం బాగయ్యాక కొత్తగా తీసుకుంటాం అన్నాడు. టెన్షన్‌లో పెట్టేసేవాణ్ణే, మా ఆవిడ పెన్ను లాక్కుంది. మా బామ్మర్ది ఒంగోలులో ఒక రిటైరైన యూనియన్ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ముందు నన్ను తిట్టాడు. "సంతకం పెడితే పదకొండేళ్ల సర్వీసు, తీసేస్తే రావాల్సిన పరిహారం ఆ రెండు నెలల జీతంతో సరి అయిపోయేదిరా అబ్బయ్యా" అన్నాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. ఈఎస్ఐలో, అంటే కార్మికుల బీమాలో, జబ్బు భత్యం తీసుకుంటున్న రోజుల్లో మనిషిని పనిలోంచి తీసేయకూడదు, అప్పటి ఈఎస్ఐ చట్టం 73వ సెక్షన్. అప్పుడు అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25-జి ప్రకారం మామూలుగా ఒకే రకం పనిలో చివర చేరినవాణ్ణి ముందు తీయాలి, అలా కాదంటే కారణం రాసి చూపించాలి. మంజూరైన సెలవు, జబ్బు సెలవు సర్వీసును తెంచవు. నాకంటే వెనక చేరినవాళ్లు లైన్ మీద ఉండగా నా పేరెలా వచ్చిందని అడుగుతూ అర్జీ ఆయనే రాసిచ్చాడు. జీతం స్లిప్పులు కావాలంటే నేను దిక్కులు చూశాను, మా ఆవిడ చీరల కవర్లోంచి పదకొండేళ్లవీ తీసింది.

ఒంగోలు లేబర్ ఆఫీసులో రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. రెండోసారి నా పేరు తీసేశారు, పాత చేరిక తేదీతోనే కాగితం ఇచ్చారు. ఇప్పుడు బరువు లేని పని, డిస్పాచ్‌లో. ఈఎస్ఐ డిస్పెన్సరీ డాక్టరు గారు సర్టిఫికెట్లు ఒక్కరోజు కూడా తేడా లేకుండా ఇవ్వబట్టే ఇదంతా నిలబడింది, ఆయనకూ దండం.

జాబితాలో ఇంకో అన్న, ఎనిమిదేళ్ల సర్వీసు, నాకంటే ముందే ఆ రాజీనామా మీద సంతకం పెట్టేశాడు. ఆయనకు ఎవరూ ఏం చేయలేకపోయారు.

నా బదులు పోయింది ఎవరో చెప్పాలి కదా. ఫొటో పంపిన ఆ తమ్ముడే. చేరి మూడేళ్లే అయింది, లైన్ మీద అందరికంటే చిన్న సర్వీసు వాడిదే. రూలు ప్రకారమే అన్నారు, నిజమే, కానీ ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నెల నోటీసు జీతం, ఏడాదికి పదిహేను రోజుల లెక్కన పరిహారం వాడికి రావాలి. పూర్తిగా ముట్టిందో లేదో తెలియదు, నంబరు మారిపోయింది. మార్టూరు వైపు ఏదో ఫ్యాక్టరీలో చేరాడని విన్నాను. అటువైపు పనిచేసేవాళ్లు ఎవరైనా చూస్తే నాకు చెప్పండి, పెద్దాయన దగ్గరికి ఈసారి వాణ్ణి నేనే తీసుకెళ్తాను.