ఏడు పళ్లేల భోజనం: ధర పక్కన ఇంకేం రాయాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

జపాన్ వంటనూ మధ్యధరా తీరపు వంటనూ కలిపి ఏడెనిమిది చిన్న పళ్లేలు ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే ‘టేస్టింగ్ మెనూ’ ఒకప్పుడు నక్షత్రాల హోటళ్ల సంగతి. హైదరాబాద్‌లో ఇప్పుడది మామూలు ఉద్యోగి ఎప్పుడైనా ఒకసారి భరించగల ధరకు దిగుతోంది. వంట వృత్తిలో ఉన్నవాళ్లుగా మాకిది సంతోషం. అయితే వీటి గురించి వచ్చే రాతలు దీపాలు, గోడలు, పింగాణీ దగ్గరే ఆగిపోతున్నాయి. ధర ఎక్కడ తగ్గించవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు, తినేవాళ్లు ఏం అడగాలి అన్నవి కనబడవు. ఆ వివరాలు మెనూ కార్డు మీదే ఉండాలన్నది మా కోరిక. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూద్దాం. మనిషికి 1,500 రూపాయల మెనూ అనుకుందాం. అద్దె, జీతాలు, కరెంటు, గ్యాసు పోగా సరుకుకు మూడో వంతు మిగిలితే 500. ఏడు పళ్లేలకు పంచితే ఒక్కోదానికి 70 రూపాయలు. సాల్మన్ చేప కిలో 2,400 అనుకుంటే 40 గ్రాముల ముక్కకే 96 అవుతుంది. తోలు, ముల్లు, అంచులు తీసేస్తే ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఈ ధరలో ఖరీదైన సరుకు ఒక్క పళ్లెంలోకే వస్తుంది. మిగతా ఆరూ గుడ్డు, వంకాయ, కాబూలీ శనగలు, పెరుగు, దోసకాయ, బియ్యంతో నడవాలి. ఇందులో మోసమేమీ లేదు. ఇదే ధరకు నాలుగు పళ్లేల్లో సాల్మన్, ట్యూనా, పెద్ద రొయ్య కనిపిస్తేనే అనుమానించాలి. నిజాయితీగా ధర తగ్గించే దారి ఒకటుంది. అందరికీ ఒకే మెనూ, ముందే డబ్బు కట్టించుకునే బుకింగ్, రోజుకు ఇంతమందికే అన్న లెక్క. రాత్రికి వంటింట్లో పారబోసేది ఉండదు, ఆ మిగులే తినేవాడికి తగ్గింపు అవుతుంది.

చవాన్‌ముషి అనే గుడ్డు వంటకమే తీసుకోండి. గుడ్డు ఒక వంతు, దాషి అనే పులుసునీరు మూడు వంతులు. అంటే 50 మిల్లీలీటర్ల గుడ్డుకు 150 మిల్లీలీటర్ల దాషి. నురగ రాకుండా కలిపి, వడగట్టి, చిన్న గిన్నెల్లో పోసి ఆవిరి మీద 12 నుంచి 15 నిమిషాలు ఉంచాలి. గిన్నె చుట్టూ వేడి 80–85 డిగ్రీల దగ్గర నిలవాలి. మన ఇడ్లీ పాత్రలోనే చేయొచ్చు గానీ మంట బాగా తగ్గించి, మూతకు గుడ్డ చుట్టి, కొంచెం సందు వదలాలి. ఇడ్లీకి పెట్టినట్టు భగభగ మరిగే ఆవిరి పెడితే గుడ్డు బిగుసుకుని నీరు వదులుతుంది, లోపల తేనెపట్టులా రంధ్రాలు పడతాయి. పైన ఎండబెట్టిన టమాటా తరుగు, మంచి ఆలివ్ నూనె నాలుగు చుక్కలు. ఒక గుడ్డుతో ఇద్దరికి సరిపోతుంది. ఖర్చు స్వల్పం, పనితనం ఎక్కువ. తక్కువ ధర మెనూ ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే మేం ఈ గిన్నెనే చూపిస్తాం.

ఈ రెండు వంటలూ కలుస్తాయా అన్నది చాలామంది సందేహం. కలుస్తాయి, పైగా ఆ కలయిక కొత్తదీ కాదు. పిండిలో ముంచి వేయించే తెంపురా 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల వెంట జపాన్ చేరిన వేపుడు పద్ధతి నుంచి వచ్చింది. వేయించిన చేపను పుల్లటి రసంలో ఊరబెట్టే నాన్‌బన్‌జుకే కూడా స్పెయిన్, పోర్చుగల్‌ల ఎస్కబేచే కుటుంబానిదే. రుచి వైపు నుంచి చూస్తే కారణం ఇంకా స్పష్టం. కొంబు అనే సముద్రపు నాచులోని రుచికి మూలం గ్లుటమేట్ అని 1908లో కికునే ఇకెదా గుర్తించాడు. పండిన టమాటాలోనూ, పాతబడిన పార్మిజానో జున్నులోనూ ఉన్నది అదే. ఎండుచేపలో ఉండే ఇనోసినేట్ దానికి తోడైతే రుచి కొన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే దాషిలో రెండూ పడతాయి. లీటరు నీటికి 10 గ్రాముల కొంబు, 60 డిగ్రీల దగ్గర గంటసేపు. కొంబు తీసేసి నీటిని వేడిచేసి, పొయ్యి ఆపి 20 గ్రాముల కత్సువోబుషి వేసి, నిమిషంలో వడగట్టాలి. కొంబును మరిగిస్తే జిగురూ చేదూ దిగుతాయి.

ఆ కత్సువోబుషి పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుము. ఇక్కడే శాకాహారులకు అన్యాయం జరుగుతోంది. పులియబెట్టిన సోయా ముద్ద మిసోతో చేసే సూప్‌లో కంటికి కనిపించేవి టోఫు, ఉల్లికాడలే కాబట్టి దాన్ని శాకాహారం వరసలో పెట్టేస్తారు. పులుసునీరు మాత్రం చేపది. చేప లేకుండా చేయడం కష్టం కూడా కాదు. 10 గ్రాముల కొంబు, 15 గ్రాముల ఎండు షిటాకే పుట్టగొడుగులు లీటరు చన్నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలు. వంకాయ, టమాటా, శనగలకు ఆ నీరే బాగా అతుకుతుంది. రెండు దాషీలు చేయడం బరువనిపిస్తే శాకాహార దాషినే అందరికీ వాడొచ్చు. పార్మిజానో రెజ్జానో విషయమూ చెప్పాలి. అసలైనదాంట్లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మిరిన్ అనే తీపి సారాలో మద్యం దాదాపు 14 శాతం ఉంటుంది, మరిగించినా మొత్తం పోదు. హలాల్ పాటించేవాళ్లు, మద్యం ముట్టనివాళ్లు ఇంతమంది ఉన్న నగరంలో ఈ మాట కార్డు మీద లేకపోవడం సరికాదు. నువ్వులు పడనివాళ్ల పరిస్థితి మరీ ఇబ్బంది. మధ్యధరా తహినీ, జపాన్ గోమా రెండూ నువ్వులే. ఆహార లేబుళ్ల మీద తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాల కేంద్ర జాబితాలో గోధుమ, రొయ్య, పాలు, గుడ్డు, చేప, పల్లీలు, సోయా ఉన్నాయి గానీ నువ్వులు లేవు. చట్టం అడగలేదని వంటవాడు ఊరుకోకూడదు.

ఇక ఉప్పు. ఈ కలయికలో తరచూ జరిగే తప్పు ఇదే. మామూలు సోయా సాస్‌లో ఉప్పు 16 శాతం దాకా ఉంటుంది. మిసో, ఫెటా జున్ను, ఆలివ్‌లు, ఆంకోవీ చేప అన్నీ ఉప్పులో ఊరినవే. ఒక్కో పళ్లెం విడిగా రుచి చూస్తే బాగానే ఉంటుంది, ఐదోది వచ్చేసరికి నాలుక మొద్దుబారి నీళ్లకోసం వెతుక్కోవాల్సి వస్తుంది. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌తోనే దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పేది 5 గ్రాముల లోపు. వంటవాడు ఉప్పు చూడాల్సింది ఏడు పళ్లేలూ వరసగా తిని. ఒక పళ్లెంలో ఉప్పు సరుకు ఒకటే ఉండాలి, మిసో ఉంటే ఫెటా వద్దు. లబ్నే అనే గట్టి పెరుగు చేసేటప్పుడు కూడా అంతే. కిలో చిక్కటి పెరుగు గుడ్డలో కట్టి 12 గంటలు వేలాడదీస్తారు కదా, అందులో తెల్ల మిసో కలిపే ఉద్దేశం ఉంటే విడిగా ఉప్పు వేయనక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పచ్చి చేప. ‘తాజా’ అన్న మాట ఇక్కడ మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పొద్దున రామ్‌నగర్ మార్కెట్‌కు ఐసులో వచ్చిన సముద్రపు చేప పులుసుకు శ్రేష్ఠం, పచ్చిగా తినడానికి పనికిరాదు. సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పురుగు ఉండొచ్చు. ఐసు దాన్ని చంపదు. వెనిగర్, నిమ్మరసం కూడా చంపవు. వెనిగర్‌లో ఊరబెట్టే ఆంకోవీలను ముందు గడ్డకట్టించాలని స్పెయిన్ 2006లో ఏకంగా చట్టమే చేసింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి అదే చలిలో 15 గంటలు ఉంచాలి. మామూలు ఫ్రిజ్ పైఅర మైనస్ 18 దగ్గరే ఆగుతుంది, తలుపు తీసినప్పుడల్లా అదీ నిలవదు. గ్యాస్ మంటతో పైన కాల్చే అబురి కూడా పైపొరకే. పెద్ద జాతి ట్యూనాలకూ, మేత పెట్టి పెంచిన సాల్మన్‌కూ ఈ నిబంధనల్లో మినహాయింపు ఉంది. ట్యూనాకు వేరే చిక్కు ఉంది. పట్టిన దగ్గర్నుంచి చలి తప్పితే దానిలో హిస్టమిన్ పుడుతుంది, తర్వాత ఎంత ఉడికించినా అది పోదు. ఒళ్లు ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు దాని గుర్తులు. విశాఖ నుంచి ఇక్కడికి రోడ్డు మీద అరవై డెబ్బై కిలోమీటర్లు కాదు, ఆరు వందల పైచిలుకు. ఆ దారంతా పెట్టె లోపల చలి ఎంత ఉందో చెప్పే కాగితం హోటల్ దగ్గర ఉండాలి. మంచినీటి చేపను, ముఖ్యంగా కొరమీనును, పచ్చిగా ఎవరు పెట్టినా తినొద్దు. నాథోస్టోమా వంటి పురుగులకు అది ఆశ్రయం.

తక్కువ ధరలో అసలు పచ్చి చేప జోలికి పోకుండా ఉండటమే మేలని మా అభిప్రాయం. పండుగప్ప ఉంది కదా. అర కిలో ముక్కలకు 200 గ్రాముల తెల్ల మిసో, 50 మిల్లీలీటర్ల మిరిన్, 30 గ్రాముల చక్కెర కలిపి పట్టించి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. కాల్చేముందు మిసో పూర్తిగా తుడిచెయ్యాలి. ఉంచితే అందులోని చక్కెర చేప ఉడకకముందే మాడిపోతుంది. మనిషికి 50 గ్రాముల ముక్క, కింద వంకాయ కాల్చి తహినీతో నూరిన బాబా గనూష్. దిగుమతి సాల్మన్ కోసం తహతహ పడనక్కర్లేదు.

గుడ్డు సాస్‌ల గురించి తెలంగాణవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. ఐయోలీ అని పేరు మార్చినా అందులో పచ్చి సొన ఉంటే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం అదే. మధ్యధరా వంటలోనే దీనికి జవాబు ఉంది, గుడ్డు లేని వెల్లుల్లి సాస్ తూమ్. 100 గ్రాముల వెల్లుల్లి, చెంచా ఉప్పు, 300 మిల్లీలీటర్ల నూనె, 50 మిల్లీలీటర్ల నిమ్మరసం. ముందు వెల్లుల్లి, ఉప్పు మెత్తగా నూరాలి. తర్వాత నూనె సన్నటి ధారగా, మధ్యమధ్య నిమ్మరసం చుక్కలుగా. నూనె తొందరపడి పోస్తే విరిగిపోతుంది. అప్పుడు ఇంకాస్త వెల్లుల్లి విడిగా నూరి, విరిగినదాన్ని కొద్దికొద్దిగా అందులో కలిపితే మళ్లీ కుదురుతుంది. తూమ్ వెంటనే వాడాలి లేదా ఫ్రిజ్‌లో పెట్టాలి; నూనెలో ఉన్న పచ్చి వెల్లుల్లిని బయట వదిలేస్తే బోట్యులిజం అనే ప్రాణాంతక విషబాధ ప్రమాదం ఉంది.

తినేవాళ్లకు కూడా ఒక మాట. చెప్పిన వేళకు వెళ్లాలి. ఎండు నాచు రేకులో అన్నం చుట్టే నోరి చుట్ట చేతికిచ్చిన నిమిషం రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది, వానాకాలంలో ఇంకా త్వరగా. సుషీ అన్నం ఒంటి వేడిలో ఉన్నప్పుడే బాగుంటుంది, ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది. ఫొటో తర్వాత తీసుకోండి. ఆ అన్నం సాంబమసూరితో ఎందుకు రాదని అడుగుతుంటారు. మన బియ్యంలో అమైలోస్ అనే పిండిపదార్థం ఎక్కువ, మెతుకు మెతుకుకు అంటదు. పొడిపొడిగా ఉండాలని మనం కోరుకున్న గుణమే అది.

ఏడు పళ్లేలు తిని బయటికొచ్చి బిర్యానీకి వెళ్లారన్న ఫిర్యాదుకు మందు జపాన్ వరసలోనే ఉంది. అక్కడ సంప్రదాయ విందు అన్నం, సూప్, ఊరగాయతో ముగుస్తుంది. పెరుగన్నంతో లేచే మనకు అది కొత్త కాదు. మిఠాయికి ముందు మనిషికి 150 గ్రాముల అన్నం పెట్టడానికి సరుకు ఖర్చు పది పదిహేను రూపాయలు. దాన్ని మిగుల్చుకునే హోటల్ లెక్క మాకు అర్థం కాదు.

బిల్లు సంగతి క్లుప్తంగా. మామూలు రెస్టారెంట్‌కు జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి ఇవ్వడం, ఇవ్వకపోవడం తినేవాళ్ల ఇష్టం. 2022 జులై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. బలవంతం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు బిల్లు మీద ఉండాలి. ప్రకటనలో 1,500 అని వేసి చేతికి 1,900 బిల్లు ఇస్తే దాన్ని తక్కువ ధర అనకూడదు. పన్నుతో కలిపిన మొత్తమే పైన వేయాలి.

మీ పత్రికలో ఇలాంటి హోటళ్ల గురించి రాసేటప్పుడు దయచేసి ఈ ప్రశ్నలు వేసి జవాబులు ప్రచురించండి: దాషి దేనితో, పచ్చి చేపను ఎన్ని డిగ్రీల్లో ఎన్ని రోజులు గడ్డకట్టించారు, సాస్‌లో గుడ్డు ఉందా, మొత్తం బిల్లు ఎంత. హోటళ్లవాళ్లు కార్డు మీద ఒక్కో పళ్లేనికి రెండు వరుసలు కేటాయిస్తే సరిపోతుంది, తెలుగులో కూడా. ఉదాహరణకు ఇలా: ‘పండుగప్ప, 50 గ్రాములు, మిసోలో ఒక రోజు ఊరబెట్టి కాల్చింది, కింద వంకాయ. చేప, సోయా, నువ్వులు ఉన్నాయి. మిరిన్ వాడాం, కావాలంటే అది లేకుండా చేస్తాం, ముందు రోజు చెప్పండి.’

ఇట్లు,
వంట వృత్తిలో ఉన్న కొందరు,
హైదరాబాద్