డబ్లింగ్ గీతలు గీస్తున్నప్పుడే హాల్టులూ చూడండి

గుంతకల్లు డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి నమస్కారం.

తిరుపతి–పాకాల–కాట్పాడి సింగిల్ లైన్‌ను డబ్లింగ్ చేయడానికి, అంటే పక్కనే రెండో లైను వేయడానికి, 2025 ఏప్రిల్‌లో కేంద్రం ఒప్పుకుంది. 104 కిలోమీటర్లు, 1,332 కోట్లు. సంతోషం. అయితే కొత్త హాల్టులు (ప్యాసింజర్ రైళ్లు ఆగే చిన్న స్టేషన్లు) ఎక్కడన్నది కూడా ఇప్పుడే తేల్చండి. రెండో లైను పడ్డాక ప్లాట్‌ఫారానికి చోటు కావాలంటే మళ్లీ భూసేకరణ, మళ్లీ కోర్టులు.

ఉన్న స్టేషన్లలో టికెట్ల అమ్మకం చూసి నిర్ణయించకండి. స్టేషనే లేని చోట టికెట్ ఎవరు కొంటారు? పొద్దున ఎనిమిదింటికి చంద్రగిరి రోడ్డు మీద నిలబడితే లెక్క మీకే తెలుస్తుంది: షేర్ ఆటోలో డ్రైవర్‌కు రెండు పక్కలా పిల్లలు, ఒడిలో క్యారియర్లు, వెనక కడ్డీ పట్టుకుని వేలాడే ఇంకొకడు. వీళ్లలో చాలామంది యూనివర్సిటీలకు, స్విమ్స్ ఆసుపత్రికి పోయేవాళ్లే. అందుకే తుమ్మలగుంట, పేరూరు వైపు ఒక హాల్ట్ అడుగుతున్నాం. పట్టాలు తిన్నగా, చదునుగా ఉన్నచోట, ఊళ్లోంచి నడిచి రాగలిగేలా పెట్టండి. ఊరికి దూరంగా, వీధిదీపం కూడా లేని చోట కడితే ఆడపిల్లలు ఎక్కరు.

అడిగిన ప్రతి ఊరికీ ఇవ్వమనడం లేదు. ఆగిన ప్రతిచోటా నిమిషాలు పోతాయి. మెమూ (కరెంటుతో నడిచే లోకల్ రైలు) త్వరగా వేగం అందుకుంటుంది కాబట్టి కొంత నయం. ఉదాహరణకు, వేరే లైనులో ఉన్న ఏర్పేడులో స్టేషన్ ఉంది, ఐఐటీ మాత్రం దూరం. అక్కడ కావాల్సింది రైలు టైముకు బస్సు, ఇంకో స్టేషన్ కాదు.

డిజైన్ ఖరారు కాకముందే చంద్రగిరిలో ఒక సమావేశం పెట్టండి. మ్యాపు తెలుగులో తెండి.

ఇట్లు,
చంద్రగిరి నుంచి రోజూ తిరిగే ఒక ఉద్యోగి