వెల్క్రో వద్దు బిడ్డా

నల్లగొండ,
శ్రావణ శుక్రవారం, రాత్రి

చి. సుజాతకు నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, మీ విభాగం ఈ ఏడాది వేయబోయే ప్రదర్శనల పట్టికా అందాయి. దసరా సెలవుల తర్వాత కన్యాశుల్కం, డిసెంబరులో పేరిణి నాట్యం, సంక్రాంతి దాటాక మా భూమి నాటకం, ఆఖరున చిందు యక్షగానం. మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. చిందు అనగానే తానూ వస్తానంది. మిగతావాటి సంగతి అడగనే లేదు.

పట్టిక కంటే నీ ఉత్తరం చివర ఉన్న రెండు వాక్యాల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయాను. కన్యాశుల్కంలో మధురవాణి వేషం దక్కలేదనీ, దుస్తుల పని అప్పగించారనీ, చివరికి నీకూ కుట్టుమిషనే రాసిపెట్టి ఉందనీ రాశావు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ముప్పయ్యేళ్లుగా ఆ మిషను ముందే కూర్చున్నవాడికి రాస్తున్నానని మరిచిపోయినట్టున్నావు. వేషం రాలేదని బాధపడు, అందులో తప్పు లేదు. కానీ ఆ నాటకంలో దర్జీకి ఎంత పని ఉందో నీకు తట్టినట్టు లేదు.

కన్యాశుల్కాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. గురజాడ దాన్ని పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేయించారు. మీరు ఆడేది ఆ పెద్దదాన్నే కుదించి అన్నావు. ఎంత కుదించినా రెండు మారువేషాలు మాత్రం తీసేయడానికి వీల్లేదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లకిచ్చి పెళ్లి చేస్తాడు కదా. వాడు మగపిల్లవాడన్న సంగతి ఆఖరి వరుసలో కూర్చున్నవాడికి కూడా గుర్తుండాలి. పక్కనే కూర్చున్న లుబ్ధావధాన్లకు మాత్రం అనుమానం రాకూడదు. జాకెట్టు మరీ ఒంటికి అతికినట్టు కుడితే మొదటిది చెడుతుంది, సంచీలా కుడితే రెండోది చెడుతుంది. నేనైతే భుజాల దగ్గర అర అంగుళం వదులు ఉంచి, చేతులు కాస్త పొట్టిగా పెడతాను. ఇంకెవరికో కుట్టింది వీడికి తొడిగినట్టు ఉండాలి.

తర్వాత రాత్రికి రాత్రే ఆ పెళ్లికూతురు మాయం కావాలి. వేషం విప్పడం మసక వెలుతురులో వేదిక మీదే చూపిస్తారని రాశావు. తొందరగా ఊడుతుందని వెల్క్రో పెడదామంటున్నారట. వద్దు బిడ్డా. హాలంతా ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు అది బర్రుమంటుంది, అందరూ నవ్వుతారు. టిచ్ బటన్లు పెట్టు. పైకి కాజాలు కుట్టి ఉత్తుత్తి గుండీలు వేయి, కింద టిచ్ బటన్లు. రెండో మారువేషం మధురవాణిది. సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళుతుంది. ఆ అమ్మాయికి కోటు కుట్టేటప్పుడు ఛాతీ కొలత కంటే నడక చూడు. వెనకటి రోజుల్లో స్థానం నరసింహారావు వంటివారు మధురవాణి వేసేవారు. మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడు కావాలన్నమాట. వాళ్ల దర్జీ ఎవరో గానీ, చేతులెత్తి మొక్కాలి.

నా సంగతీ ఒకటి చెబుతాను, మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు. నువ్వు పుట్టకముందు ఒక ఊరి జాతరలో రాయబారం ఆడుతుంటే కృష్ణుడి పీతాంబరం నేనే కుట్టాను. సాయంత్రానికి ఇవ్వాలన్న తొందరలో నడుము దగ్గర రెండు హుక్కులు వేయాల్సిన చోట ఒక్కటే వేశాను. సభలో నిలబడి పద్యం ఎత్తుకోగానే అది తెగింది. పాపం ఆయన ఎడమచేయి నడుము మీద పెట్టి అరగంట పాటు తీయలేదు. జనం అదొక ఠీవి అనుకుని వన్స్‌మోర్ మీద వన్స్‌మోర్ కొట్టారు. ఒక్కో వన్స్‌మోర్‌కూ తెర వెనక నాకు చెమటలు పట్టాయి. దిగివచ్చాక ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పేరిణికి కూడా ఇదే చిక్కు. రామప్ప గుడి శిల్పాలనూ, కాకతీయుల నాటి జాయప సేనాని రాసిన నృత్త రత్నావళినీ పట్టుకుని నటరాజ రామకృష్ణ ఆ నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. మొన్న ఆదివారం పానగల్లు వెళ్లి పచ్చల సోమేశ్వరాలయంలో శిల్పాల నడికట్లు చూసి వచ్చాను. కుచ్చిళ్లు ఎంత బాగున్నాయో! అయితే రాతి మనిషి పంచె జారదు. మీ పిల్లలు వీరావేశంతో గెంతుతారు, కాబట్టి పంచెను కట్టించకుండా లోపల చల్లడంలా, అంటే పొట్టి లాగులా కుట్టి, పైన కుచ్చిళ్లు అతికించు. తొడల దగ్గర అదనపు ముక్క మరిచిపోకు.

మా భూమి రాసిన సుంకర, వాసిరెడ్డి కోస్తావాళ్లే అయినా కథ మన తెలంగాణ రైతులది. కొత్త బట్ట కొనవద్దు. రాత్రి రంగాలకు నీలిరంగు లైటు వేస్తారేమో ముందే అడుగు. ఆ వెలుగులో ఎర్ర తలపాగా నల్లగా కనిపిస్తుంది, పడిన శ్రమంతా వృథా. గొంగళ్లు మాత్రం అద్దెవి తేకండి, మీ తాతది పంపిస్తున్నాను. అంచు దగ్గర చలిమంట నిప్పురవ్వ పడి కాలిన చిల్లు ఉంది. దాన్ని రఫూ చేయకు.

చిందు వాళ్ల కిరీటాలు, భుజకీర్తుల జోలికి నువ్వు వెళ్లనక్కరలేదు. అవి వాళ్లే చూసుకుంటారు. ముఖానికి అర్దళం, అదే ఆ పసుపుపచ్చ రంగు, పూసుకునే వేళకు వెళ్లి ఒక మూల కూర్చుని చూడు.

కన్యాశుల్కానికి నేనొక్కడినే వస్తాను, చిందుకు ఇద్దరం వస్తాం. శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లు ఇంకా పద్దెనిమిది మిగిలాయి, అవి అయ్యాక గొంగడితో పాటు నాలుగు డజన్ల టిచ్ బటన్లు బస్సులో పంపిస్తాను. ఈలోగా శిష్యుడి వేషం వేసే అబ్బాయి భుజం కొలత రాసి పంపు. టేపు పెట్టి తీసినదే పంపు, కంటి అంచనా వద్దు.

మీ నాన్న