మనవడు ఫుటీ ఆడతానంటే ఇంటి పెద్దలకు తెలియాల్సిన సంగతులు

సంపాదకులకు నమస్కారం.

కొడుకో కూతురో మెల్‌బోర్న్‌లోనో పెర్త్‌లోనో స్థిరపడిన ఇళ్లు తిరుపతిలో, చిత్తూరులో ఇప్పుడు ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. అక్కడ పుట్టిన పిల్లలు ఎండాకాలం క్రికెట్, చలికాలం ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడతారు. వాళ్ల మాటలో అది 'ఫుటీ'. ఆ ఆటకు అక్కడి అగ్రశ్రేణి లీగ్ పేరు ఏఎఫ్‌ఎల్. పద్నాలుగేళ్ల మనవడు వీడియో కాల్‌లో 'తాతా, నేను పెద్దయ్యాక ఏఎఫ్‌ఎల్ ఆడతా' అంటే, బంతాట కూడు పెడుతుందా అని కసురుకునే పెద్దలు కొందరు. ఐపీఎల్ వేలంలాగా ఒక్కరోజులో కోట్లు వస్తాయనుకుని, ఇక చదువు సంగతే అడగనివాళ్లు ఇంకొందరు. రెండూ ఆ పిల్లవాడికి చేటే. దారి ఉన్న మాట నిజం. అది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడెక్కడ తెగిపోతుందో ఇంట్లోవాళ్లకు తెలియాలని ఈ లేఖ.

ముందు ఆట సంగతి. ఇది టీవీలో మనం చూసే సాకర్ కాదు, రగ్బీ కూడా కాదు. క్రికెట్ మైదానంలాగా కోలగా ఉండే మైదానం, పొడవు 135 నుంచి 185 మీటర్లు. జట్టుకు 18 మంది. 20 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, ఆట ఆగిన సమయం కలిపితే ఒక్కో భాగం అరగంట దాకా పోతుంది. నడిమి రెండు ఎత్తు స్తంభాల మధ్య నుంచి బంతి పోయేలా తంతే 6 పాయింట్లు, పక్కనున్న పొట్టి స్తంభం సందులోంచి పోతే 1. బంతిని చేత్తో విసరకూడదు. తన్నాలి, లేదంటే ఒక అరచేతిలో ఉంచి రెండో చేతి పిడికిలితో కొట్టాలి. 15 మీటర్లకు తగ్గకుండా వచ్చిన తన్నును గాల్లోనే పట్టుకుంటే దాన్ని 'మార్క్' అంటారు. పట్టినవాడికి అడ్డం లేకుండా తన్నుకునే హక్కు వస్తుంది. ఎదుటివాణ్ని పట్టడం భుజాల కింద, మోకాళ్ల పైన మాత్రమే. 1859లో మెల్‌బోర్న్‌లో రాసుకున్న నిబంధనల నుంచి పెరిగిన ఆట ఇది. 1897లో మొదలైన విక్టోరియా లీగే 1990లో ఏఎఫ్‌ఎల్ అయింది.

పిల్లవాడికి ఈ ఆట అబ్బుతుందా లేదా అన్నది తన్నులో తెలుస్తుంది. బంతి రెండు కొసలా మొనదేలి ఉంటుంది. నిలువు చుట్టుకొలత 72 నుంచి 73 సెంటీమీటర్లు, అడ్డంగా 55 దాకా. 'డ్రాప్ పంట్' అనే తన్నుకు బంతిని నిలువుగా పట్టుకుంటారు. కుట్టు తాళ్లు ఎదుటికి, వేళ్లు రెండు పక్కలా కిందికి పరిచి ఉంటాయి. కుడికాలివాడైతే కుడిచేత్తో నడుం ఎత్తు నుంచి వదలాలి, విసరకూడదు. పడేటప్పుడు బంతి ఒరగకూడదు. కింది మొన బూటు మీద గట్టిగా ఉన్న చోట తగలాలి, చీలమండ బిగిసి ఉండాలి. అప్పుడు బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ తిన్నగా పోతుంది. ఛాతీ ఎత్తు నుంచి వదిలితే గాలికి ఒరుగుతుంది, ఒరిగిందంటే గోలు పక్కకు పోతుంది. క్రికెట్‌లో బంతి విసరడానికి అలవాటు పడ్డ పిల్లలు దీన్నీ కాస్త పైకి విసిరి తంతారు. ఎక్కువగా కనిపించే తప్పు అదే. రెండో కాలితోనూ తన్నగలగాలి. ఒంటికాలి ఆటగాడు ఎటు తిరుగుతాడో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది.

మెట్లు ఇలా ఉంటాయి. ప్రాథమిక బడి వయసులో 'ఆస్కిక్' అనే చిన్నపిల్లల శిక్షణ, అక్కడ పట్టూ తోపూ ఉండవు, ఆట మీద ఇష్టం పెరగడమే పని. తర్వాత ఊరి క్లబ్బులో వయసు జట్లు. పదహారు, పదిహేడు వచ్చేసరికి రాష్ట్రాల అండర్-18 పోటీలు. సెలక్టర్లు చూసేది అక్కడే. అక్టోబరు ప్రాంతంలో పరీక్షలు పెడతారు: 20 మీటర్ల పరుగు, నిలువు గెంతు, మలుపుల పరుగు, 2 కిలోమీటర్ల పరుగు. 20 మీటర్లు 2.9 సెకన్లలోపు, 2 కిలోమీటర్లు 6 నిమిషాలకు అటూఇటూ పరిగెత్తినవాడు ముందు వరుసలో ఉంటాడు. కానీ ఆ అంకెలు చూసే ఎవరినీ తీసుకోరు. ఇద్దరు మీద పడుతుంటే బంతి ఎవరికి అందించాడు అన్నది చూస్తారు. నవంబరులో డ్రాఫ్ట్, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 18 నిండాలి.

మనవాళ్లు పొరబడేది డ్రాఫ్ట్ దగ్గరే. ఐపీఎల్ వేలంలో డబ్బెక్కువ పెట్టినవాడికి ఆటగాడు దక్కుతాడు. ఇక్కడ పాట లేదు. పట్టికలో అడుగున ఉన్న క్లబ్బుకు ముందు ఎంచుకునే వంతు వస్తుంది, పేరు పిలిచిన క్లబ్బుకే పోవాలి. మెల్‌బోర్న్ అబ్బాయిని పెర్త్ క్లబ్బు పిలిస్తే నాలుగు గంటల విమానం దూరంలో, పద్దెనిమిదేళ్ల వయసులో కొత్త ఊళ్లో కాపురం. ఒకే క్లబ్బుకు 100 ఆటలు ఆడిన తండ్రి ఉంటే ఆ కొడుకును తీసుకునే హక్కు తండ్రి క్లబ్బుకు ఉంటుంది. మన పిల్లలకు అది వర్తించే రోజు ఇంకా దూరం. అయితే వాళ్లకు పనికొచ్చే తలుపు ఇంకొకటుంది. తల్లో తండ్రో ఆసియాలోనో ఆఫ్రికాలోనో పుట్టి ఉంటే ఆ పిల్లలను క్లబ్బులు తమ ప్రాంతపు 'నెక్స్ట్ జెనరేషన్ అకాడమీ'లో చేర్చుకుని తర్ఫీదు ఇవ్వవచ్చు, డ్రాఫ్ట్‌లో కొంత ముందస్తు హక్కు పొందవచ్చు. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి. అందువల్ల పిల్లవాడికి పన్నెండు, పదమూడు ఏళ్లప్పుడే దగ్గరి క్లబ్బును అడిగి నమోదు సంగతి తేల్చుకోవాలి. తిరుపతిలో పుట్టిన తల్లి జనన ధ్రువపత్రం అక్కడ అడగవచ్చు. ఆ కాగితం ఇక్కడి బీరువాలో ఉంటే వెతికి పంపడం తాత చేయగల మొదటి సాయం.

ఎంపికైనవాడికి మామూలుగా రెండు, మూడేళ్ల ఒప్పందం. తొలి ఏళ్ల జీతం లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి కుదుర్చుకున్న పట్టిక ప్రకారమే ఉంటుంది, బేరాలుండవు. క్లబ్బు మొత్తం జీతాలకు కూడా గరిష్ఠ పరిమితి ఉంది. ఎనిమిదేళ్లు ఒకే క్లబ్బులో ఉంటే గానీ, ఒప్పందం ముగిశాక నచ్చిన చోటికి పోయే స్వేచ్ఛ రాదు. అంటే నచ్చిన క్లబ్బుతో బేరమాడే వీలు వచ్చేది ఇంచుమించు ఇరవై ఆరో ఏట. అక్కడిదాకా నిలిచేవాళ్లు కొందరే. సీజన్ అయిపోగానే ప్రతి క్లబ్బూ తన ఆటగాళ్ల లిస్టులోంచి కొన్ని పేర్లు కొట్టేస్తుంది. ఇరవై ఏళ్లకే ఆ పిలుపు అందుకున్న కుర్రాడికి చేతిలో డిగ్రీ లేకపోతే ఏం చేస్తాడు? ఆటగాళ్ల సంఘం 1973 నుంచి ఉంది, చదువుకు, వృత్తి శిక్షణకు సాయం చేస్తుంది. వారంలో ఒక సెలవు రోజు దొరుకుతుంది, ఆ రోజు కాలేజీకి పెట్టుకోవాలి. 'ఆట ఎలా ఉంది' అని అడిగే తాత 'ఈ సెమిస్టర్ ఎన్ని సబ్జెక్టులు' అని కూడా అడగాలి. ఇది మేం గట్టిగా చెప్పదలచిన మాట.

తీసేసినంత మాత్రాన అన్ని తలుపులూ మూసుకుపోవు. రాష్ట్ర లీగుల్లో ఆడుతూ ఉంటే సీజన్ మధ్య డ్రాఫ్ట్ ఉంది. 2019లో మార్లియన్ పికెట్‌ను రిచ్‌మండ్ క్లబ్బు అలాగే తీసుకుంది. అతని తొలి ఏఎఫ్‌ఎల్ మ్యాచే ఆ ఏటి గ్రాండ్ ఫైనల్. అప్పటికి అతనికి 27 ఏళ్లు, జట్టు గెలిచింది. 432 ఆటలు ఆడిన బ్రెంట్ హార్వే 2016లో విరమించేనాటికి 38 ఏళ్లవాడు. ఎత్తు సంగతి అడిగేవాళ్లకు: 211 సెంటీమీటర్ల మేసన్ కాక్స్, 168 సెంటీమీటర్ల కేలెబ్ డేనియల్ ఇద్దరూ ఇదే ఆటలో ట్రోఫీలు గెలిచారు.

ఒంటికి తగిలే దెబ్బల గురించి దాచకుండా చెప్పాలి. మధ్య వరుసలో ఆడేవాడు ఒక మ్యాచ్‌లో 12 కిలోమీటర్లకు పైగా పరిగెడతాడు. తొడ వెనక కండరం పట్టేయడం, చిరగడం అన్నిటికన్నా ఎక్కువ. దాన్ని తగ్గించే కసరత్తుకు ఖర్చేమీ లేదు. మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఇంకొకరు పట్టుకోగా, ఒళ్లు వంచకుండా మెల్లగా ముందుకు వాలడం. మోకాలి లోపలి ఏసీఎల్ తంతువు తెగితే ఇంచుమించు ఏడాది పోతుంది. గెంతి ఒంటికాలి మీద దిగేటప్పుడు మోకాలు లోపలికి మడతపడటం వల్ల అది తెగుతుంది. అందుకే దిగడం కూడా నేర్పించే క్లబ్బును చూసుకోవాలి.

తల దెబ్బ అన్నిటికన్నా పెద్దది. ఏఎఫ్‌ఎల్‌లో కంకషన్ (తల దెబ్బకు మెదడు అదరడం) అని తేలితే 2021 నుంచి కనీసం 12 రోజులు మ్యాచ్ ఉండదు. పిల్లల, ఊరి క్లబ్బుల స్థాయిలో 21 రోజులు. 'నాకు బాగానే ఉంది' అని కుర్రాడు అన్నా ఆ గడువు తగ్గించకూడదు. మెల్‌బోర్న్ జట్టు ఆటగాడు ఆంగస్ బ్రేషా 2023 సెప్టెంబరులో తగిలిన దెబ్బ తర్వాత మళ్లీ ఆడలేదు, డాక్టర్ల సలహాతో 28 ఏళ్లకే తప్పుకున్నాడు. ఆ ఆటలో మహామహుడైన గ్రాహం ఫార్మర్ చనిపోయాక మెదడు పరీక్షిస్తే పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే జబ్బు బయటపడింది. తల తిరుగుతోందని, వెలుతురు చూడలేకపోతున్నానని పిల్లవాడు ఫోన్లో అంటే, అది కోచ్‌కు చెప్పాడా అని అడగండి.

ఇక్కడి నుంచి ప్రేమతో పంపే పార్శిల్ కూడా పిల్లవాడి ఆటకు ముప్పు తేవచ్చు. బలానికని లేహ్యాలు, భస్మాలు, జిమ్ పొడులు పంపకండి. లేబుల్ మీద లేని నిషిద్ధ పదార్థం ఒంట్లో దొరికినా శిక్ష ఆటగాడికే. ఎసెండన్ క్లబ్బు ఇంజెక్షన్ల కార్యక్రమం వల్ల 34 మంది ఆటగాళ్లు 2016 సీజన్ మొత్తానికి దూరమయ్యారు. క్లబ్బువాళ్లు ఇచ్చినదని వాళ్లు చెప్పుకున్నా నిలవలేదు. శాకాహార ఇళ్లవాళ్లు బెంగపడాల్సిన పని లేదు. 80 కిలోల కుర్రాడికి రోజుకు 130 గ్రాముల ప్రోటీన్ కావాలనుకుంటే, 100 గ్రాముల పచ్చి పప్పులో 22 గ్రాముల పైచిలుకు ఉంటుంది. పెరుగు, పాలు, పనీరు, సోయా కలిపితే లెక్క సరిపోతుంది.

పందాల విషయం కూడా పెద్దలకే చెప్పాలి. ఏఎఫ్‌ఎల్ ఆటగాడు తన లీగ్ మీద రూపాయి పందెం కాయకూడదు. 2019లో కాలింగ్‌వుడ్ ఆటగాడు జైడిన్ స్టీఫెన్‌సన్ చిన్న మొత్తాలు కాసినందుకే 10 మ్యాచ్‌లు కూర్చోవాల్సి వచ్చింది. జట్టు లోపలి సమాచారం బయటపెట్టడమూ ప్రమాదమే. 'మావాడికి మోకాలు నొప్పంట, ఈ శనివారం ఆడడంట' అని అవ్వ బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాట ఎవరి చేతికి పోతుందో తెలియదు. జట్టు ప్రకటించేదాకా ఆ మాట ఇంట్లోనే ఉండాలి.

ఇక ఇక్కడే పెరిగిన యువకులకు. 'స్పోర్ట్స్ కోటాలో ఆస్ట్రేలియా, ఫుటీ కాంట్రాక్ట్' అని ఎవరైనా లక్షలు అడిగితే ఇవ్వకండి. డబ్బు కట్టి ఏఎఫ్‌ఎల్ లిస్టులో చేరే దారి లేదు. బయటి ఆటల నుంచి వచ్చేవాళ్లకు ప్రత్యేక రూకీ (కొత్త ఆటగాడి) స్థానాలున్నాయి, వాటికి మనిషిని వెతుక్కునేది క్లబ్బే. డబ్లిన్ నుంచి 1984లో వచ్చిన జిమ్ స్టైన్స్ 1991లో లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం గెలిచి, వరుసగా 244 ఆటలు ఆడాడు. కానీ అతను అంతకుముందే బంతిని చేత్తో పట్టి కాలితో తన్నే ఐరిష్ ఆటలో పెరిగినవాడు. అయినా 1987లో ఫైనల్‌కు ముందరి మ్యాచ్ చివరి క్షణాల్లో, దాటకూడని చోట అడ్డంగా పరిగెత్తి ఎదుటి జట్టుకు 15 మీటర్లు కలిసొచ్చేలా చేశాడు. జట్టు ఓడింది. నిబంధన ఒంట్లో ఇంకడానికి అంత కాలం పడుతుంది. మేసన్ కాక్స్ బాస్కెట్‌బాల్ నుంచి వచ్చాడు, అతనికి ఎత్తు ఉంది. చిత్తూరు కబడ్డీ కుర్రాడికి పట్టు ఉంది, తెగువ ఉంది, తన్ను లేదు. తన్ను పదేళ్లప్పుడు మొదలుపెట్టాలి. సరదాగా నేర్చుకుంటామంటే మంచిదే. 2008లో మెల్‌బోర్న్‌లో జరిగిన అంతర్జాతీయ కప్‌లో భారత జట్టు ఆడింది. తిరుపతి తారకరామ స్టేడియంలోనో చిత్తూరు మెసానికల్ మైదానంలోనో ఒక మూల, ఒక్క బంతితో, రోజుకు నూరు తన్నులతో మొదలుపెట్టవచ్చు. దాన్ని బతుకుతెరువుగా అమ్మేవాణ్ని మాత్రం నమ్మకండి.

మీ పత్రికకు రెండు విన్నపాలు. అలాంటి ప్రకటన మీ దగ్గరికి వస్తే, ఏ క్లబ్బు, ఏ లిస్టు అని అడిగి కాగితం చూశాకే వేయండి. ఆస్ట్రేలియా వార్తల్లో ఈ ఆటను ఉత్త 'ఫుట్‌బాల్' అనకుండా 'ఆస్ట్రేలియన్ రూల్స్' అని రాయండి. గ్రాండ్ ఫైనల్ సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం 2:30కు, మన గడియారంలో ఉదయం 10 గంటలకు. ఇక్కడ అది పెరటాసి శనివారం. కొండకు పోయే భక్తులతో ఊరు కిటకిటలాడే ఆ రోజు ఉదయం మీ క్రీడా పేజీలో నాలుగు వరుసలు ఆట నియమాలు వేస్తే, దర్శనం క్యూలో నిలబడ్డ తాతలకు సాయంత్రం మనవడితో మాట్లాడటానికి పనికొస్తాయి.

ఇట్లు,
కొందరు క్రీడా శిక్షకులు,
తిరుపతి